బిగికట్టువలన చేతికి గలుగు ముప్పు

కర్షకునకు భూమి యెంత ముఖ్యమో చేయి యంత ముఖ్యము. పొదిలి ప్రాంతమున బండినుండియో, ట్రాక్టరునుండియో, చెట్టునుండియో పడి మణికట్టు విరుగుట క్రొత్త గాదు. మార్కాపురపు పలకరాతి గనులలో రాయి పడి చేయి నలుగుటయు గలదు. విరిగిన యెముక కొన్ని వారములకు అతుకుకొనును. కాని దెబ్బ తగిలిన కొన్ని గంటలలోనే కండకు రాగల ముప్పు నెఱుగక చేతిని బోగొట్టుకొనువారు గలరు. దీనిని వైద్యులు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అందురు.

ముంజేతిలోను హస్తములోను కండలు వేర్వేరు అరలలో నమరియున్నవి. హస్తమునందే పది యరలు గలవు. ఒక్కొక్క యరను సాగని గట్టిపొర చుట్టియుండును. దెబ్బ తగిలినప్పుడు లోన నెత్తురు చేరి కండ వాచును. బిగువుగా కుట్టిన సంచిలోని కందులు నానినచో ఉబ్బి కుట్లను పిగుల్చును. ఈ పొర యట్లు పిగులదు. కావున ఒత్తిడి లోనికే మఱలి సన్నని రక్తనాళములను నొక్కివేయును. నెత్తురందని కండ సుమారు 6 గంటలకు చావనారంభించును. పైన వెదురుబద్దల కట్టుగాని పిండికట్టుగాని బిగువైనచో కీడు మఱింత త్వరపడును. ఇట్టి కట్టుల పిమ్మట వ్రేళ్లు కొంకర్లు పోవుటను 1881లో జర్మను శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ వివరించెను. అట్టి చేయి మరల కొడవలి పట్టజాలదు.

గుర్తులలో మొదటిది నొప్పి. అది దెబ్బకు మించినదై, మందుకు లొంగక, గంటగంటకు హెచ్చును. వ్రేళ్లను ఇతరులు మెల్లగా చాపినను భరింపరాని బాధ కలుగును. కండ రాయివలె బిగియును. పిదప తిమ్మిరి పుట్టును. నాడి కొట్టుచున్నది గదా యని ధైర్యపడరాదు. నాడి యాగువఱకు వేచినచో చేయి దక్కదు. పసిపిల్లలు చెప్పలేరు గనుక వారి యెడతెగని యేడుపే గుర్తు.

అప్పుడు చేయవలసినది యిది. గాజులు, ఉంగరములు, తాయెత్తు తీసివేయవలెను. కట్టును చర్మమువఱకు వదులు చేసి, చేతి క్రింద ఆధారము మాత్ర ముంచవలెను. పిండికట్టును ఆసుపత్రిలో వెంటనే చీల్పింపవలెను. చేయి గుండెయెత్తున నుండవలెను. అంతకు మించి పైకెత్తరాదు, వ్రేలాడనీయరాదు. నూనె మర్దనము, కాపడము కూడదు. రక్తపింజర కాటున చేయి వాచినప్పుడును త్రాడు బిగింపరాదు. అందులకు మొదటి మందు విషహరపు సూదియే. పొదిలినుండి ఒంగోలు సుమారు 50 కిలోమీటర్లు. తెల్లవారిన పిదప పోవుద మనుకొనినచో ఆ 6 గంటలును ఇంటనే గడచిపోవును. కావున రాత్రియైనను 108కి ఫోను చేయవలెను.

ఆసుపత్రిలో అనుమానమున్నచో అరలోని యొత్తిడిని సూదితో కొలుతురు. రక్తపు పోటులోని క్రింది యంకెకును దానికిని భేదము 30 మిల్లీమీటర్లకు తగ్గినచో శస్త్రచికిత్స యవసరమగును. చర్మమును పొరను పొడవునా చీల్చి ఒత్తిడిని వదలింతురు. గాయమును కొన్ని దినములు తెఱచియుంచి పిదప మూయుదురు; ఒక్కొక్కప్పుడు వేఱుచోటి చర్మము నతుకుదురు. చూచువారికి భయము గొలుపును గాని, మచ్చ మిగిలిన చేయి పనికి వచ్చును.

కట్టు కట్టువారిని నిందించుట మా యుద్దేశము గాదు. కట్టిన దెవరైనను, ఆ రాత్రి గంటకొకమారు వ్రేళ్లను కదల్చి చూచుట యింటివారి పని. “ఓర్చుకొమ్ము” అనుటకు ముందు కట్టు వదులు చేయుడు.