కంప్యూటరు అంతరంగం

కంప్యూటరు అనగానే మన కండ్ల ముందు మెదలేది దాని తెర. కాని తెర అద్దం వంటిది. జరిగిన పనిని చూపుతుందే గాని పని చేయదు. పని యావత్తూ ప్రక్కనున్న పెట్టెలోనే జరుగుతున్నది. ఆ పెట్టెలో ఏమున్నదో తెలుసుకొనుటకు ఒక అక్షరం వెంట లోనికి పోయి చూద్దాం.

కీబోర్డుపై ఒక విద్యార్థి తెలుగు 'అ'ను, మరొక విద్యార్థి ఉర్దూ 'అలిఫ్'ను నొక్కినారనుకొందాం. యంత్రానికి లిపిభేదం లేదు. ప్రతి అక్షరమూ దానికి ఒక సంఖ్యయే. నేడు లోకమంతటా వాడుకలో ఉన్న యూనికోడ్ పద్ధతిలో 'అ' సంఖ్య 3077, 'అలిఫ్' సంఖ్య 1575. ఇవి సున్న, ఒకటి అనే రెండే అంకెల రూపంలో, విద్యుత్ సంకేతాలుగా సంచరిస్తాయి.

ఆ సంకేతాలకు రహదారి మదర్‌బోర్డు. మిగిలిన భాగాలన్నీ ఈ పలకకే అమరి, దానిపైనున్న సన్నని రాగి గీతల ద్వారా ఒకదానితో నొకటి సంభాషిస్తాయి.

గణన చేసేది ప్రాసెసరు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఇంటెల్ 8088 ప్రాసెసరు ఉండేది. దాని గడియారం సెకనుకు సుమారు 47 లక్షల 70 వేల సార్లు స్పందించేది. నేటి ప్రాసెసర్లలో ఆ సంఖ్య వందల కోట్లకు చేరినది. ఈ శ్రమ వలన వేడి పుడుతుంది. అందుకే ప్రాసెసరుపై లోహపు రెక్కలూ, చిన్న ఫ్యానూ అమర్చుతారు. ధర్మపురి వేసవిలో ఆ ఫ్యానుకు దుమ్ము పట్టనిస్తే యంత్రం నెమ్మదిస్తుంది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది.

ర్యామ్ తరగతిగదిలోని నల్లబల్ల వంటిది. డిస్కు నోటుపుస్తకం వంటిది. పని జరుగుతున్నంతసేపు మన అక్షరం ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోయిన మరుక్షణం నల్లబల్ల తుడుచుకొని పోతుంది. 'సేవ్' చేయడమంటే ఆ బల్లపైనున్న దానిని పుస్తకంలోకి ఎక్కించడమే. పాత హార్డ్‌డిస్కు తిరిగే పళ్లెంపై అయస్కాంతపు గుర్తులుగా దానిని దాచితే, నేటి ఎస్.ఎస్.డి. కదలిక లేని చిప్పులలోనే దాచుతున్నది. ఈ భేదం తెలియక గంటల శ్రమ క్షణంలో పోగొట్టుకొనే విద్యార్థులు ఎందరో!

వీటన్నింటికీ ఆహారం అందించేది ఎస్.ఎం.పి.ఎస్. గోడ సాకెట్టు నుండి వచ్చే 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టుల డి.సి. విద్యుత్తుగా మార్చి పంచుతుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. కావున ఆ పెట్టెను మాత్రం విప్పరాదు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను స్వయంగా నిర్మించినది. నిర్మించగల జాతికి లోపలి భాగాలను చూచి భయపడవలసిన పని లేదు. పనికిరాని కంప్యూటరు నొకదానిని విప్పి, ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మూసియుంచి, భాగాల పేర్లు తెలుగు, ఉర్దూ లిపులలో వ్రాసి ప్రయోగశాలలో ఉంచవలసినదిగా కమిటీ పెద్దలకు నా విన్నపం. పది పాఠాలు చెప్పలేనిది ఆ ఒక్క పెట్టె చెప్పగలదు.