మెదడులోని దారులు, రాకపోకలు

గుజరాతు రాష్ట్రమందలి సూరతు నగరమున రింగ్ రోడ్డు బట్టల బజారులకు ప్రసిద్ధి చెందినది. మరమగ్గముల పనికై తెలంగాణము నుండి వలసపోయిన తెలుగువారనేకులు ఆ నగరమున నివసించుచున్నారు. ఆ రోడ్డు పటమును చూచినచో ఏ బజారు ఎచ్చటనున్నదో, దానికి దారి యేదో తెలియును. కాని ఏ వేళ ఏ అంగడి నుండి ఎచ్చటికి బట్టల మూటలు పోవుచున్నవో పటము చెప్పజాలదు. దారులు వేరు, రాకపోకలు వేరు.

మెదడు విషయమునను ఇట్లే. మానవుని మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వాని నుండి వెలువడు సన్నని తంతువులు కట్టలుగా ఏర్పడి, ఒక భాగమును మరియొక భాగముతో కలుపుచున్నవి. ఈ కలయికల సమగ్ర పటమునకు శాస్త్రజ్ఞులు 2005లో ‘కనెక్టోమ్’ అని పేరిడిరి.

శస్త్రచికిత్స లేకయే ఎం.ఆర్.ఐ. యంత్రముతో రెండు విధములైన పటములను తీయవచ్చును. నీటి అణువులు తంతువుల వెంబడి సులభముగను, అడ్డముగ కష్టముగను కదలును. ఆ కదలికను బట్టి కంప్యూటరు దారుల పటమును గీయును. పనిచేయు భాగమునకు రక్తము హెచ్చుగా చేరును. రక్తమందలి ప్రాణవాయువు మార్పులను బట్టి ఏ భాగములు ఏకకాలమున పనిచేయుచున్నవో తెలియును. ఇది రాకపోకల పటము.

ఇచ్చట ఒక చిక్కు కలదు. నేరుగా దారి లేని భాగములును కొన్ని కలిసి పనిచేయుచుండును. అది యెట్లు? ఆచార్య సూరంపూడి బాపిరాజు మొదలగు శాస్త్రజ్ఞులు దీనికొక గణన పద్ధతిని రూపొందించి, 2018లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికయందు ప్రకటించిరి.

తడిబట్టపై రంగుచుక్క వేసినచో అది మొదట ప్రక్క పోగులకు ప్రాకును. కొంత తడవునకు దూరపు పోగులకును చేరును. అట్లే ఒక భాగము యొక్క ప్రభావము తంతువుల దారులవెంట వ్యాపించునని వారు భావించిరి. కొద్దిసేపటి వ్యాప్తిని, హెచ్చుసేపటి వ్యాప్తిని వేరువేరుగా లెక్కించి, తగు పాళ్ళలో కలిపిరి. కొందరి పటములను చూచి కంప్యూటరు ఆ పాళ్ళను నేర్చుకొనును. పిమ్మట క్రొత్తవారి దారుల పటము నుండియే రాకపోకలను అంచనా వేయును.

ఈ కృషి వలన ప్రయోజనమేమి? పక్షవాతమున మెదడులో ఒకచోట దెబ్బతగిలినచో, దానితో సంబంధము గల దూరపు భాగములును మందగింపవచ్చునని వాన్ మోనకోవ్ అను నాడీవైద్యుడు 1914లోనే వివరించెను. ఒక దారి తెగినప్పుడు మిగిలిన రాకపోకలు ఎట్లు మారునో ముందుగా లెక్కింపగలిగినచో, పోయిన మాట, చేతి చలనము తిరిగి వచ్చుటకు ఏ అభ్యాసము మేలో నిర్ణయించుటకు తోడ్పడవచ్చును. కాని ఇట్టి పటములు అంచనాలే. తంతువులు ఒకదానినొకటి దాటుచోట్ల కంప్యూటరు పొరబడుటయు కలదు. కావున ఇవి వైద్యుని పరీక్షకు బదులు కాజాలవు.

తెగిన దారిని లెక్కించుటకంటె దానిని తెగకుండ కాపాడుట మేలు. ఎవరికైనను హఠాత్తుగా మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను క్షణమైనను జాగు చేయరాదు. వెంటనే 108 వాహనమును పిలిచి, రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. లక్షణములు మొదలైన వేళను వైద్యునకు తప్పక తెలుపవలెను. రక్తపు గడ్డను కరిగించు మందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటలలోనే ఇయ్యదగినది.