గుండె లయ తప్పినపుడు ఇంటివారు తెలిసికొనవలసిన సంగతులు

న్యూఢిల్లీలోని ఆర్.కె. పురము ముఖ్యముగా కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసస్థానము. అచ్చటి క్వార్టర్లకు ఒక తెలుగు ఉద్యోగి తల్లి స్వగ్రామమునుండి కుమారుని చూడవచ్చినదనుకొందము. రెండవ అంతస్తునకు మెట్లెక్కుచు ఆమె నడుమ రెండుమార్లు నిలిచిపోవును. కుమారుడు ప్రశ్నింపగా, “అరువది దాటినవి, నాయనా! ఆయాసము రాదా?” అనును. గుండె దడగా ఉన్నదని ఒకనాడు చెప్పి, మరునాడు తగ్గినదనును. ఇంటివారు నమ్మి ఊరకుందురు. ఆమె మాట అబద్ధము కాదు. అయినను అది చాలదు.

ఇట్టి సమయమున మొదట చేయవలసినది మందు కొనుట కాదు, నాడి పట్టి చూచుట. మణికట్టు లోపలి వైపున, బొటనవ్రేలి మొదలుకు దిగువగా రెండు వ్రేళ్ళను మెల్లగా ఆనించి, గడియారము చూచుకొనుచు నిండు నిముషము లెక్కింపవలెను. విశ్రాంతిగా నున్న పెద్దవారి నాడి సాధారణముగా నిముషమునకు 60 నుండి 100 మార్లు కొట్టుకొనును. ఇచ్చట సంఖ్యకంటె లయ ముఖ్యము. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్లుండి మరల సర్దుకొనుట తరచుగా భయపడదగినది కాదు. నిద్రలేమి, ఆందోళన వలన ఆరోగ్యవంతులకును అట్లు కలుగుచుండును. రేకులపై చినుకులు పడినట్లు ఒక దెబ్బకును మరొక దెబ్బకును పొంతన లేకున్నచో మాత్రము వైద్యునికి చూపి తీరవలెను.

గుండె కుడి కర్ణికలోని ఒక చిన్న కణసముదాయము క్రమముగా విద్యుత్ప్రేరణలను పుట్టించుచుండును; గుండె ఆ తాళమును అనుసరించును. ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అను వ్యాధిలో కర్ణికలనుండి నిముషమునకు 350కి మించిన ప్రేరణలు అస్తవ్యస్తముగా బయలుదేరును. కర్ణికలు సరిగా ముడుచుకొనక వణకును. అచ్చట నిలిచిన రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు కొట్టుకొనిపోయినచో పక్షవాతము వచ్చును. ఈ వ్యాధి గలవారికి ఆ ప్రమాదము ఇతరులకంటె సుమారు అయిదు రెట్లు. దడ ఎన్నడును తెలియనివారికిని ఇది తప్పదు. తల్లి మాట చాలదనుటకు కారణమిదియే.

వార్ధక్యము, రక్తపుపోటు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుట దీనికి కారణములు. మన దేశమున మరొకటియు కలదు: బాల్యమున గొంతునొప్పి వెంట వచ్చు కీళ్ళవాతజ్వరము గుండెలోని మిట్రల్ కవాటమును చెరచుట. 1954లో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్యకళాశాలలో హృద్రోగ క్లినిక్కును నెలకొల్పిన డాక్టర్ ఎస్. పద్మావతి కృషి చేసిన వ్యాధులలో ఇదియు నొకటి. ఆమె 2020లో 103 ఏండ్ల వయస్సున దివంగతులైరి. చిన్ననాడు కీళ్ళు వాచి జ్వరము వచ్చినదా అని తల్లినడిగి వైద్యునికి చెప్పుట మేలు.

ఉద్యోగిపై ఆధారపడిన తల్లిదండ్రులను నియమములకు లోబడి సి.జి.హెచ్.ఎస్. కార్డులో చేర్పవచ్చును. ఆ పథకపు వైద్యుడు ఇ.సి.జి. తీయించును. దడ వచ్చి పోవునదైనచో ఆ వేళకు లయ సరిగానే కనబడవచ్చును. అపుడు 24 గంటలు దేహముననుంచుకొను హోల్టర్ యంత్రము పనికివచ్చును. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు, ఎయిమ్స్‌యు దాపుననే యున్నవి.

చికిత్సలో గుండె వేగమును తగ్గించుటకు మెటోప్రొలాల్ వంటి మందులిత్తురు. కొందరికి విద్యుత్తుచేతనో, అబ్లేషన్ అను పద్ధతిచేతనో లయను సరిదిద్దుదురు. పక్షవాతము రాగల అవకాశము నెంచి, రక్తము గడ్డకట్టకుండ అపిక్సబాన్, డాబిగట్రాన్ వంటి మందులిత్తురు. కీళ్ళవాతజ్వరముచే మిట్రల్ కవాటము బాగుగా సన్నబడినవారికి వార్ఫరిన్ తగినది. దీనిని వాడువారు ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షను క్రమముగా చేయించుకొనుచు, సాధారణముగా ఆ సంఖ్యను 2కును 3కును నడుమ నిలుపుకొనవలెను. ఆకుకూరలలోని కె విటమిను వార్ఫరిన్‌కు ఎదురుగా పనిచేయును. తోటకూర పప్పు మానవలెనని దీని అర్థము కాదు. ఎప్పుడును తినునంతయే తినవలెను. ఒక వారము మాని, మరుసటి వారము దినదినము తినినచో మందు మోతాదు తారుమారగును. ఆస్పిరిన్ ఈ మందులకు బదులు కానేరదు. అడుగకుండ నొప్పిమాత్రలు మ్రింగుట రక్తస్రావమునకు దారితీయును. మలము నల్లబడినను, తలకు దెబ్బ తగిలినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

నోరు వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను, స్పృహ తప్పినను, ఛాతీలో నొప్పి వచ్చినను 112కు ఫోను చేయవలెను. పక్షవాతమున గడ్డను కరిగించు మందు తొలి 4½ గంటలలోనే ఈయదగినది, తెల్లవారనిమ్మని వేచియుండరాదు.

“బాగుగనే యున్నాను గదా” అని మందు మానుటవలన కలుగు కీడు అంతింత కాదు. తల్లి ఊరికి మరలునపుడు రెండు నెలలకు సరిపడు మాత్రలను, మందుచీటీని, ఇ.సి.జి. నకలును ఆమె సంచిలోనే ఉంచవలెను. ఊరిలో నాడి చూడగలవారిని ముందే ఎంచి, వారికి లెక్కించు విధమును నేర్పవలెను.