వార్తల్లో పదం: డ్రిప్పింగ్

కరవుసీమలోని సోమందేపల్లె రైతునకు ‘డ్రిప్పు’ అనగానే స్ఫురించునది మల్బరీ మొక్కల మొదళ్ల వెంబడి సాగిన నల్లని గొట్టము, దాని సూక్ష్మరంధ్రముల నుండి బొట్టుబొట్టుగా జారు బోరునీరు. ఆ పదమే నేడు ఈ-సిగరెట్ల ప్రసంగమున వేరొక అర్థముతో వినవచ్చుచున్నది.

ఈ-సిగరెట్టులో ద్రవమును ఆవిరిగా మార్చు భాగమును అటామైజర్ అందురు. అందొక లోహపుతీగ చుట్ట, దాని నంటియుండు దూదివత్తి ఉండును. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సువాసనద్రవ్యముల మిశ్రమమును తొట్టిలో నింపక, నేరుగా ఆ చుట్టపైనను వత్తిపైనను బొట్లుగా వేయుటయే డ్రిప్పింగ్.

వత్తి తడిగా నున్నంతవరకు తీగ వేడిమి ఆవిరియందే వ్యయమగును; బొట్టు ఆలస్యమైనచో దూది మాడును, తీగ అతిగా కాలును. తియ్యదనమునకై కలిపిన పదార్థములు, పాకము ముదిరి మాడినట్లు, నల్లని పెచ్చుగట్టి, ఉప్పునీటి తెల్లపొర డ్రిప్పు రంధ్రమును మూసినట్లే, అటామైజర్ ఆయువును హరించును. ఎక్కువ పోసినచో ద్రవము క్రిందికి కారి బ్యాటరీ సంధిని చెరచును. వత్తిని మార్చి, తీగను శుభ్రపరచినచో పరికరము మరికొంతకాలము నిలుచును గాని, అతితాపమున పుట్టు ఫార్మాల్డిహైడ్ వంటి విషములకు లోనైన ఊపిరితిత్తులను అట్లు మార్చుకొన వీలులేదు.

2019 నాటి కేంద్రచట్టము మన దేశమున ఈ-సిగరెట్ల ఉత్పత్తిని, దిగుమతిని, విక్రయమును, ప్రకటనలను నిషేధించినది; తొలి నేరమునకు 1 సంవత్సరము వరకు కారాగారవాసము, 1 లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. నీటిబొట్టు విలువ నెరిగిన ఈ కరవుసీమ యువకులు ఆ విషబిందువునకు దూరముగా నుండుటయే శ్రేయము.