ఇంటిలోని మగ్గమునకు పంచాయతి అనుమతి కావలెనా?

మన పావగడ తాలూకాలో, ముఖ్యముగా వై.ఎన్. హొసకోటలో, నేతవారికి ఇల్లు వేరు, కార్ఖానా వేరు కాదు. నడవలో గుంత మగ్గము, వసారాలో రాట్నము, వంటయింటి గోడవార కండెల గంప. ఒకరు నాడె ఆడించుచుండగా మరియొకరు కండెలు చుట్టుదురు. పసిపిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోవుదురు. ఇట్టి ఇంటిని నివాసమని వ్రాయవలెనా, పరిశ్రమ అని వ్రాయవలెనా అన్నది వచ్చినప్పుడే చిక్కు వచ్చును.

"లైసెన్సు తీసుకోమంటాండారు సార్, తీసుకోవల్లా?" అని సభ్యులు మా కార్యాలయమునకు వచ్చి అడుగుదురు. నోటిమాటకు భయపడి డబ్బు కట్టి వచ్చిన తరువాత అడుగువారును కలరు. కట్టక ముందే అడిగిన మేలు.

గ్రామములలో ఈ విషయమునకు ఆధారము 1993 నాటి కర్ణాటక పంచాయతి రాజ్ చట్టములోని 66వ సెక్షను. ఆవిరి, నీరు, విద్యుత్తు మొదలగు యంత్రశక్తితో నడుచు ఫ్యాక్టరీ గాని, పనిశాల గాని పెట్టుటకును, అట్టి శక్తితో నడుచు యంత్రమును ఏ కట్టడములోనైనను బిగించుటకును గ్రామ పంచాయతి అనుమతి ఉండవలెనని అందు కలదు. కాలితో తొక్కి, చేతితో నేయు మగ్గము ఈ మాటల క్రిందికి రాదని మా అభిప్రాయము. మగ్గము పైన విద్యుద్దీపము వెలిగినంత మాత్రమున అది విద్యుత్తుతో నడుచు మగ్గము కాజాలదు గదా!

అదే సెక్షనులో మరియొక ముఖ్య విషయము గలదు. నియమముల ద్వారా మినహాయింపబడిన యంత్రములకు ఈ అనుమతి అక్కరలేదు. ఆ నియమములు చేయునది రాష్ట్ర ప్రభుత్వము, పంచాయతి కాదు. అనగా పంచాయతి అధికారమునకు రాష్ట్రము గిరి గీయగలదు. కనుక ఎవరైనను లైసెన్సు అడిగినచో, ఏ చట్టము, ఏ సెక్షను క్రింద అడుగుచున్నారో వ్రాతమూలకముగా ఇమ్మని మర్యాదగా కోరవలెను. డబ్బు కట్టినచో రశీదు లేకుండ కదలరాదు.

ఇక కరెంటు మగ్గముల సంగతి వేరు. జాకార్డు ఎత్తుటకు చిన్న మోటారు తగిలించినను విద్యుత్తుతో నడుచు యంత్రమన్న మాట ముందుకు వచ్చును. ఉమ్మడి గోడ ఇండ్లలో నాలుగు కరెంటు మగ్గములు రాత్రి పన్నెండు వరకు ఆడినచో ప్రక్కయింటి గోడ అదరును, ముసలివారికి నిద్ర ఉండదు. ఆ ప్రక్కయింటివారును నేతవారే. అందుచేత పంచాయతికి ఏ అధికారమును వలదనువారితో మేము ఏకీభవింపము. కాని కుటుంబమంతయు కలిసి ఆడించు ఒక మగ్గమునకును, కూలివారిని పెట్టి నడుపు షెడ్డునకును ఒకే కొలబద్ద పెట్టుట న్యాయము కాదు.

ఈ భేదము మేము కల్పించినది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 85వ సెక్షనులో, పనివారు తక్కువగానున్న స్థలమునకు కూడ ఆ చట్టమును వర్తింపజేయు అధికారమును రాష్ట్రములకు ఇచ్చుచునే, యజమాని తన కుటుంబము సాయముతో మాత్రమే పని చేసికొను చోటును విడిచిపెట్టిరి.

అమెరికాలో నివాస ప్రాంతములను వ్యాపార ప్రాంతములనుండి వేరుచేయు పట్టణ నిబంధనలు చాలకాలముగా ఉన్నవి. అచటి ఫ్లోరిడా రాష్ట్రము 2021లో చట్టము చేసి, ఇంటిలో చేసికొను వృత్తులను స్థానిక సంస్థలు నిషేధింపరాదని, వానికి ప్రత్యేకపు ఆంక్షలు పెట్టరాదని కట్టడి చేసినది. షరతులును పెట్టినది: ఆ ఇంట నివసింపని పనివారు ఇద్దరికి మించరాదు, వీధినుండి చూచినచో ఇల్లు ఇంటివలెనే ఉండవలెను. చప్పుడు, అదురు విషయములో తక్కిన ఇండ్లకు ఏ నియమమో వీనికిని అదే నియమము.

మన రాష్ట్రములో 2020లో పరిశ్రమల సౌకర్య చట్టమును సవరించి, ఆమోదము పొందిన పరిశ్రమ ప్రమాణపత్రము ఇచ్చి, కొన్ని అనుమతులకై వేచియుండక మూడేండ్ల వరకు పని సాగించుకొను వీలు కల్పించిరి. కమిటీల చుట్టు తిరుగగల శక్తి గలవారికి అది ఉపయోగము. గుంత మగ్గము ముందు కూర్చున్నవానికి ప్రమాణపత్రము వ్రాయించు ఖర్చే ఒక నాటి కూలి. 66వ సెక్షనులో చేతిమగ్గమన్న మాట లేదు. "నేత కుటుంబము తాను నివసించు ఇంటిలో నడుపు చేతిమగ్గము" అని స్పష్టముగా వ్రాసి మినహాయింపవలెనని, ఇంటిలోని ఒకటి రెండు కరెంటు మగ్గములకు అనుమతికి బదులు పని వేళలు మాత్రము నిర్ణయింపవలెనని సంఘములన్నియు కలసి ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనుట మంచిదని తలచుచున్నాము.

పావగడ పట్టణములోనివారు ఒకటి గమనింపవలెను. అచట పంచాయతి చట్టము కాక 1964 నాటి పురపాలక చట్టము వర్తించును గనుక పై సెక్షను చెప్పి వాదించిన ప్రయోజనముండదు. నోటీసు ఎవరికి వచ్చినను, దానిని, ఇంటి ఖాతా నకలును, కరెంటు బిల్లును, నేతగాని గుర్తింపు కార్డును తీసికొని, గడువు దాటక ముందే సంఘ కార్యాలయమునకు రావలెనని కోరుచున్నాము.