మీకు తెలుసా? పూడుల్ సంకర కుక్క వెనుక ఒక అంధ మహిళ

హవాయిలో ఉండే ఆమెకు దారి చూపే కుక్క కావాలి. భర్తకేమో కుక్కలంటే అలర్జీ. ఆస్ట్రేలియా గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ ముందు పూడుళ్లకే శిక్షణ ఇచ్చి చూశాడు, కుదరలేదు. 1989లో లాబ్రడార్‌తో పూడుల్‌ను జతకట్టించాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలను హవాయికి పంపితే, ఆ భర్తకు పడింది ఒక్కదానివే! దాని పేరు సుల్తాన్.

ఒకే ఈతలో పుట్టిన మిగతా రెండూ పడలేదని గుర్తుంచుకోండి. 'ఈ కుక్కతో అలర్జీ రాదు' అని అమ్మేవాళ్లు చెప్పే హామీ నమ్మదగింది కాదు. అలర్జీ తెచ్చే ప్రోటీన్లు లాలాజలంలో, చర్మపు పొట్టులో, మూత్రంలో ఉంటాయి. బొచ్చు రాలకపోయినంత మాత్రాన అవి పోవు. అడ్డూ అదుపూ లేని పెంపకందారులు పుట్టుకొచ్చారని కాన్రనే తర్వాత పశ్చాత్తాపపడ్డాడు.

పూడుల్ తరహా బొచ్చు పెద్దగా రాలదు, పెరుగుతూనే ఉంటుంది. తరచూ దువ్వకపోతే అట్టలు కట్టి, కింద చర్మం పుండవుతుంది. ఆ చాకిరీ చేయలేక వదిలేసిన కుక్కలు జంతు రక్షణ కేంద్రాలకు చేరుతుంటాయి. పాపం, వాటి తప్పేమీ లేదు. ఎదిగిన కుక్కను దత్తత తీసుకుంటే ఎంత పెద్దదో, స్వభావమేమిటో ముందే తెలుస్తుంది. ఇంట్లో అలర్జీ ఉన్నవారిని వెంట తీసుకెళ్లి, రెండు మూడుసార్లు దానితో కాసేపు గడపండి. పడితే ఇంటికి తెచ్చుకోండి.