ఒండ్రు బాకీ

శుక్రవారం ఎడిటర్ ఫోన్. వాతావరణ మార్పు మన తీరాన్ని ఎలా కోసేస్తోందో ముఖచిత్ర కథనం కావాలట, మంగళవారం మధ్యాహ్నానికల్లా. ‘‘తాడేపల్లి నుంచి సముద్రం ఎంత దూరమండీ?’’ అని అడిగాడు. హంసలదీవి వైపైతే ఎనభై, తొంభై కిలోమీటర్లు అన్నాను. ‘‘పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చుగా’’ అనేశాడు.

వెళ్లేముందు రాత్రి కూర్చుని ఒక పరిశోధన పత్రం చదివాను. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించింది. 1965 నుంచి 2008 దాకా కృష్ణా, గోదావరి డెల్టాల తీరరేఖలను ఒకదాని మీద ఒకటి పరిచి చూశారు. 336 కిలోమీటర్ల తీరంలో, కొత్తగా మేట వేసింది పోగా, నికరంగా పోయిన నేల 76 చదరపు కిలోమీటర్లు. 1990 వరకు ఏటా 1.39 చదరపు కిలోమీటర్ల చొప్పున, ఆ తర్వాత పదేళ్లు 2.32 చొప్పున పోయింది.

నన్ను పట్టేసింది ఆ అంకెలు కాదు. కృష్ణ సముద్రానికి మోసుకెళ్లే ఒండ్రు 1966-69లో ఏడాదికి 90 లక్షల టన్నులట. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మా ఊళ్లో ఏదైనా లారీల్లో చెబితేనే ఎక్కుతుంది. పది టన్నుల లారీలైతే అప్పట్లో తొమ్మిది లక్షలు, 2005 నాటికి నలభై వేలు. మిగతా లోడంతా దారిలోనే దిగిపోతోంది. జలాశయంలో నీళ్లు నిలవగానే మట్టి అడుక్కి చేరుతుంది, గేట్లు దాటేవి చాలావరకు తేటనీళ్లే. డెల్టా అంటే నది ఏటా పెట్టే మట్టికీ, అల ఏటా కోసే మట్టికీ మధ్య నడిచే జమాఖర్చు. అల తన ఖర్చు మానలేదు, మనం జమ ఆపేశాం.

కృష్ణ మీద కట్టిన అడ్డుకట్టల చరిత్ర గబగబా చెప్పేస్తాను. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కి పూర్తయింది, దాని చోట ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. ఆపైన శ్రీశైలం, ఇటీవల పులిచింతల.

ఇక హంసలదీవి తీరం. శాస్త్రవేత్తలు చేసే పని నేనూ చేసి చూద్దామని ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని పోటుగీత వెంట నడిచాను. పోటుగీత అంటే అల ఎక్కినంత మేర వదిలిపోయే చారిక: గవ్వల నూక, ఎండిన నాచు, సరుగుడు పుల్లలు, ఎవరిదో తెగిన చెప్పు. పది అడుగులకోసారి గుర్తు పెట్టాలి. కొంతసేపటికి గీత రెండయింది. పైదాంట్లో నాచు కరకరలాడుతోంది, కిందిది ఇంకా తడిగానే ఉంది. దేన్ని పట్టుకోవాలో తెలియక, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను.

‘‘పెద్దయ్యా, సముద్రం ఒడ్డు ఎక్కడిదాకా అనుకోవాలి?’’

‘‘ఎన్నింటికి బాబూ?’’ అన్నాడు, దారం కొరుకుతూ.

మొత్తం శాస్త్రం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. డెల్టా నేల దాదాపు పళ్లెంలా చదును. నీరు జానెడు లేస్తే గీత ఎంతో లోపలికి వచ్చేస్తుంది. పున్నమి పోటులో తీసిన ఉపగ్రహ చిత్రాన్ని మామూలు పాటులో తీసినదానితో పోలిస్తే లేని కోత కనిపిస్తుంది. అందుకే చిత్రం తీసిన గంటా, తిథీ చూసుకుని, ఒడ్డుకొచ్చి నడిచి సరిచూసుకోవాలి. ఆ పెద్దాయనకు పై గీత మొన్న అమావాస్యదని చూడగానే తెలిసింది. నా జీపీఎస్‌కు తెలియలేదు.

[బాక్స్: ఉప్పాడ]
కోత అనగానే అందరికీ గుర్తొచ్చేది కాకినాడ పక్కనున్న ఉప్పాడ. బీచ్ రోడ్డుకు రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పరిచారు. అల రెంటినీ చెదరగొట్టింది. కాకినాడకు గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ అడ్డుంది, ఉప్పాడకు ఆ అడ్డు లేదు.

వాతావరణ మార్పు ఉత్తమాట అనడం లేదు. 1901-2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. పళ్లెంలాంటి నేలకు అది చిన్న సంగతి కాదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగిపోయాయి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దాయి. అంత వరద తెచ్చే వానలు ఇంకా వస్తాయంటున్నారు. నా అనుమానమల్లా, తప్పంతా ఆకాశం మీదికి నెట్టేస్తే సాగర్ అడుగున పడున్న మట్టి లెక్క ఎవరూ అడగరని.

అడగడం నాకూ ఇబ్బందే. ఆ మట్టిని ఆపిన సాగర్ కాలువే మన మిరపచేలకూ పత్తిచేలకూ నీళ్లిచ్చింది. హంసలదీవి దారిలో విప్పిన నా టిఫిన్ డబ్బాలో కూడా గుంటూరు పండుమిరప పచ్చడే.

సోమవారం రాత్రి కాపీ పంపాను. ‘ముందుకొస్తున్న సముద్రం’ అని హెడ్డింగ్ అప్పటికే పేజీలో పెట్టేశారట. మార్చమన్నాను.